అమెరికాలో ఎంఎస్ చదువుతూ యూనివర్సిటీ కెరీర్ సెంటర్‌ను ఎలా వాడుకోవాలి?

మీ ప్రశ్నను బట్టి నాకు అర్థమైన పరిస్థితి ఇది. మీరు ఆగస్టులో ఎఫ్-1 విద్యార్థి వీసాపై కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌లో చేరారు. అక్టోబరు వచ్చేసరికి లింక్డ్‌ఇన్‌లో వందకు పైగా ఇంటర్న్‌షిప్‌లకు దరఖాస్తు చేశారు, కొన్ని తిరస్కరణ మెయిళ్ళు తప్ప జవాబు రాలేదు. ఒకసారి కెరీర్ సెంటర్‌కు వెళితే పావుగంటలో రెజ్యూమెను ఒక పేజీకి కుదించమని చెప్పి పంపించారు. మళ్ళీ అక్కడికి వెళ్ళడం వల్ల ప్రయోజనం ఉందా, వచ్చే వేసవికి ఇంటర్న్‌షిప్‌ను ఎలా వెతుక్కోవాలి అని అడుగుతున్నారు.

ప్రయోజనం ఉంది. ఈ సెమిస్టరులోనే మరో మూడు నాలుగు సార్లు వెళ్ళండి, కానీ ఈసారి వేరే పని మీద వెళ్ళండి. ఇక్కడి ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయపు కెరీర్ సెంటర్‌లో విదేశీ విద్యార్థులకు సలహాదారుగా చాలా ఏళ్ళు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: రెజ్యూమె దిద్దడం ఆ కార్యాలయం చేసే పనుల్లో అతి చిన్నది. ఏ కంపెనీలు మీ విభాగం నుంచి మనుషులను తీసుకుంటున్నాయి, వారు ఎప్పుడు వస్తారు, అక్కడ ఎవరితో మాట్లాడితే మేలు అన్న సమాచారమే వారి దగ్గర ఉన్న అసలైన సంపద. అది అడిగినవారికి మాత్రమే అందుతుంది, అదీ నిర్దిష్టంగా అడిగినప్పుడే.

మన దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో చదివి వచ్చినవారికి ప్లేస్‌మెంట్ సెల్ అలవాటు. కంపెనీలను పిలవడం, అర్హుల జాబితా తయారు చేయడం, రాతపరీక్షకు హాలు ఏర్పాటు చేయడం, చివరికి ఆఫర్ లెటర్లు పంచడం, అన్నీ ఆ సెల్ చూసుకుంటుంది. విద్యార్థి పేరు నమోదు చేసుకుని పిలుపు కోసం ఎదురుచూస్తే సరిపోతుంది. ఇక్కడి కెరీర్ సెంటర్‌కు ఆ బాధ్యత లేదు. మిమ్మల్ని ఏ కంపెనీకీ అది పంపదు, మీ తరఫున ఎవరికీ సిఫారసు చేయదు, మీరు వెళ్ళకపోతే ఎందుకు రాలేదని అడగదు. ఈ తేడా తెలియక మొదటి సెమిస్టరంతా ఎదురుచూసి, రెండో సెమిస్టరులో నిరాశపడి, ఆ తలుపు పూర్తిగా మూసేసుకున్న తెలివైన విద్యార్థులను చాలామందిని చూశాను. మీరు అక్టోబరులోనే అడుగుతున్నారు గనుక ఆ నష్టం మీకు జరగనవసరం లేదు.

ముందుగా, మీరు వెళ్ళింది ఏ కార్యాలయానికో చూసుకోండి. పెద్ద విశ్వవిద్యాలయాలలో సాధారణంగా అందరికీ కలిపి ఒక కేంద్ర కార్యాలయం ఉంటుంది; ఇంజనీరింగ్, బిజినెస్ వంటి కళాశాలలకు విడిగా మరొకటి ఉంటుంది. మీకు ఎక్కువగా పనికొచ్చేది రెండోది. అక్కడ కూడా రెండు రకాల ఉద్యోగులు ఉంటారు. విద్యార్థులతో కూర్చుని మాట్లాడే కౌన్సిలర్లు ఒక రకం, కంపెనీలతో సంబంధాలు నడిపే ఎంప్లాయర్ రిలేషన్స్ సిబ్బంది మరో రకం. ఏ రిక్రూటర్ కొత్తగా వచ్చారు, ఏ కంపెనీ ఈ ఏడాది నియామకాలు తగ్గించింది, ఎవరు చివరి నిమిషంలో ఇంటర్న్‌ల కోసం అడుగుతున్నారు అన్నవి ముందుగా తెలిసేది ఈ రెండో రకం వారికే. విద్యార్థులు వారిని కలవడం అరుదు. కౌన్సిలర్‌తో ఒకసారి బాగా మాట్లాడిన తర్వాత, ఎంప్లాయర్ రిలేషన్స్‌లో ఎవరినైనా పరిచయం చేయగలరా అని మర్యాదగా అడగండి. మీ కళాశాలలో కో-ఆప్ కార్యక్రమం ఉందేమో, అందులో ఎంఎస్ విద్యార్థులకు అవకాశం ఉందేమో కూడా కనుక్కోండి. 1906లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ మొదలుపెట్టిన ఈ పద్ధతిలో విద్యార్థి చదువు మధ్యలో కొన్ని నెలలు పూర్తిగా కంపెనీలో పనిచేస్తాడు. ఇలాంటి కార్యక్రమం నడిపే చోట కంపెనీలతో సంబంధాలు లోతుగా ఉంటాయి.

మీరు వెళ్ళిన పావుగంట సమావేశం బహుశా ముందస్తు బుకింగ్ లేకుండా ఎవరైనా వెళ్ళగలిగే డ్రాప్-ఇన్ అయి ఉంటుంది. దానిలో రెజ్యూమెను పైపైన చూడటం తప్ప మరేమీ సాధ్యం కాదు. పూర్తి నిడివి అపాయింట్‌మెంట్ తీసుకోండి; అది సాధారణంగా అరగంట నుంచి ముప్పావుగంట ఉంటుంది. వెళ్ళేముందు మీకు నిజంగా నచ్చిన మూడు ఇంటర్న్‌షిప్ ప్రకటనలను ఎంచుకుని, వాటిలో ఒకదానికి అనుగుణంగా రెజ్యూమెను మార్చుకుని, ఆ రెండింటినీ ముందురోజే కౌన్సిలర్‌కు మెయిల్ చేయండి. బుకింగ్ ఫారంలో కారణం రాసే చోట ‘ఉద్యోగ సహాయం’ అని రాయకండి. ‘బ్యాకెండ్ డెవలప్‌మెంట్‌లో వేసవి ఇంటర్న్‌షిప్ కోసం వెతుకుతున్నాను, ఈ మూడు ప్రకటనలకు నా అనుభవం ఎంతవరకు సరిపోతుందో, మన విభాగం విద్యార్థులను గతంలో తీసుకున్న ఇలాంటి కంపెనీలు ఏవో తెలుసుకోవాలి’ అని రాయండి. సలహాదారు కుర్చీలో కూర్చున్న మనిషిగా చెబుతున్నాను, ఇలాంటి అభ్యర్థన చూసినప్పుడు మేము ముందే కొంత వెతికి పెట్టుకుని సిద్ధంగా ఉంటాము. ఏమీ రాయని అభ్యర్థనకు సాధారణ సలహాలే దొరుకుతాయి.

ఆ సమావేశంలో అడగవలసిన ప్రశ్నల్లో అన్నిటికంటే విలువైనది, విద్యార్థులు దాదాపు ఎన్నడూ అడగనిది ఒకటుంది. అమెరికాలోని చాలా విశ్వవిద్యాలయాలు తమ పట్టభద్రులు ఎక్కడ చేరారో తెలుసుకునేందుకు ఫస్ట్-డెస్టినేషన్ సర్వే నిర్వహిస్తాయి. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ కాలేజెస్ అండ్ ఎంప్లాయర్స్ అనే సంస్థ దీనికి ప్రమాణాలను రూపొందించింది. పట్టా పొందిన ఆరు నెలల లోపు విద్యార్థి పరిస్థితి ఏమిటో ఆ ప్రమాణాల ప్రకారం నమోదు చేస్తారు. ఏ కంపెనీ, ఏ హోదా, ఏ నగరం అన్న వివరాలు చాలా సందర్భాల్లో అందులో ఉంటాయి. వెబ్‌సైట్‌లో పెట్టేది సారాంశం మాత్రమే. మీ విభాగం ఎంఎస్ విద్యార్థులను గత రెండు మూడేళ్ళలో తీసుకున్న కంపెనీల పేర్లు కావాలని అడిగితే, వ్యక్తుల వివరాలు లేకుండా ఆ జాబితా ఇవ్వడానికి కౌన్సిలర్లకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. ఆ జాబితాలో మీరు పేరైనా వినని మధ్యతరహా కంపెనీలు కనిపిస్తాయి: బీమా సంస్థలు, ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారు, వ్యవసాయ యంత్రాల సంస్థలు, రాష్ట్రంలోని బ్యాంకులు. అందరి కళ్ళూ పడే నాలుగైదు పెద్ద కంపెనీలకు మీరు పంపిన దరఖాస్తు వేలల్లో ఒకటి. మీ విశ్వవిద్యాలయం నుంచి గతంలో మనుషులను తీసుకుని, వారి పని చూసి తృప్తిపడిన కంపెనీలో ఆ పోటీ చాలా చిన్నది.

ఆ జాబితాకు ప్రభుత్వ సమాచారాన్ని జోడించండి. అమెరికా వలస సేవల విభాగమైన యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లో హెచ్-1బీ ఎంప్లాయర్ డేటా హబ్ ఉంది; హెచ్-1బీ అంటే కంపెనీ దరఖాస్తు చేసి ఇప్పించే ఉద్యోగ వీసా. ఏ కంపెనీకి ఏ ఏడాది ఎన్ని హెచ్-1బీ దరఖాస్తులు ఆమోదం పొందాయో అందులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మీ విభాగం వారిని తీసుకున్న కంపెనీలు, విదేశీయులకు స్పాన్సర్ చేసిన కంపెనీలు, ఈ రెండు జాబితాలలోనూ కనిపించే పేర్లతో మీ వెతుకులాట మొదలవ్వాలి. నూరు దరఖాస్తులు గుడ్డిగా పంపడానికి పట్టే సమయంలో ఇలాంటి ముప్పై పేర్లను శ్రద్ధగా పరిశీలించవచ్చు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి: హెచ్-1బీకి ఏటా 65,000, అమెరికాలో మాస్టర్స్ లేదా అంతకంటే పై చదువు పూర్తిచేసినవారికి అదనంగా 20,000 అన్న పరిమితి ఉన్నా, విశ్వవిద్యాలయాలు, వాటితో అనుబంధం ఉన్న లాభాపేక్షలేని సంస్థలు ఆ పరిమితి కిందికి రావు. పరిశోధన కేంద్రాలలోని సాఫ్ట్‌వేర్, డేటా ఉద్యోగాలను మనవాళ్ళు అనవసరంగా చిన్నచూపు చూస్తున్నారని నా అభిప్రాయం.

హ్యాండ్‌షేక్ గురించి. మిషిగన్ టెక్ విద్యార్థులు 2014లో ప్రారంభించిన ఈ ఉద్యోగ ప్రకటనల వేదికను ఇప్పుడు చాలా విశ్వవిద్యాలయాలు వాడుతున్నాయి. కొన్నిచోట్ల సింప్లిసిటీ, ట్వెల్వ్‌ట్వంటీ వంటివి ఉంటాయి. లింక్డ్‌ఇన్‌లోని ప్రకటన లోకమంతటికీ కనిపిస్తుంది. హ్యాండ్‌షేక్‌లో మాత్రం రిక్రూటర్ కొన్ని విశ్వవిద్యాలయాలను ఎంచుకుని ప్రకటన పెట్టగలరు. మీ విశ్వవిద్యాలయాన్ని ఎంచుకున్నారంటే ఇక్కడి విద్యార్థులను తీసుకోవాలని వారు ముందే అనుకున్నారన్నమాట. మీ ప్రొఫైల్‌ను పూర్తిగా నింపండి, ఎందుకంటే రిక్రూటర్లు దానిలో వెతికి నేరుగా సందేశాలు పంపుతారు. పని అనుమతికి సంబంధించిన ఫిల్టర్లు వాడి, సీపీటీ (చదువు మధ్యలో కోర్సులో భాగంగా పనిచేసే అనుమతి), ఓపీటీ (చదివిన రంగంలో, ముఖ్యంగా పట్టా తర్వాత పనిచేసే అనుమతి) విద్యార్థులను అంగీకరించే ప్రకటనలను విడిగా చూడండి. క్యాంపస్ ఇంటర్వ్యూకు పేరిచ్చి రాకపోతే చాలాచోట్ల ఖాతాను నిలిపివేస్తారు, ఆ విషయంలో జాగ్రత్తగా ఉండండి.

ఇక కాలం లెక్క. పెద్ద టెక్నాలజీ కంపెనీలు, ఆర్థిక సంస్థలు వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌ల ప్రకటనలను ముందు ఏడాది ఆగస్టు నుంచి అక్టోబరు మధ్యలోనే తెరుస్తాయి. వాటి విషయంలో మీరు కొంత ఆలస్యమయ్యారు. కానీ మధ్యతరహా కంపెనీలు, ప్రయోగశాలలు, స్టార్టప్‌లు జనవరి నుంచి ఏప్రిల్ వరకు నియమించుకుంటూనే ఉంటాయి. వసంతకాలపు కెరీర్ ఫెయిర్ కూడా ఎక్కువ చోట్ల జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే జరుగుతుంది. వీసా నిబంధనలు కూడా మీకు అనుకూలంగానే ఉన్నాయి. సీపీటీకి ఒక పూర్తి విద్యాసంవత్సరం చదివి ఉండాలి గనుక, ఆగస్టులో చేరినవారికి మొదటి వేసవికి అర్హత వస్తుంది. అయితే సీపీటీ ఇచ్చే అధికారం కెరీర్ సెంటర్‌కు లేదు. ఆఫర్ లెటర్ తీసుకుని, మీ విభాగం అనుమతి పొంది, అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో వీసా వ్యవహారాలు చూసే అధికారి, డీఎస్ఓ దగ్గరకు వెళ్ళాలి. ఆ కంపెనీ పేరు, తేదీలతో కొత్త ఐ-20 (విశ్వవిద్యాలయం ఇచ్చే విద్యార్థి హోదా పత్రం) చేతికి వచ్చేవరకు ఒక్కరోజు కూడా పని మొదలుపెట్టకూడదు. పూర్తికాల సీపీటీ పన్నెండు నెలలు లేదా అంతకు మించితే ఆ స్థాయి చదువుపై ఓపీటీ హక్కు పోతుంది. ఒక వేసవి ఇంటర్న్‌షిప్‌కు ఆ భయం అవసరం లేదు. నిబంధనలు మారుతుంటాయి గనుక, సీనియర్లు చెప్పినదాన్ని కాకుండా మీ డీఎస్ఓ చెప్పినదాన్నే నమ్మండి.

దరఖాస్తులలో వచ్చే రెండు ప్రశ్నలు మన విద్యార్థులను చాలా కలవరపెడతాయి. అమెరికాలో పనిచేయడానికి మీకు అనుమతి ఉందా అన్నది మొదటిది. ఇప్పుడు గానీ భవిష్యత్తులో గానీ స్పాన్సర్‌షిప్ అవసరమవుతుందా అన్నది రెండోది. రెండోదానికి నిజమే చెప్పాలి. దాచిపెట్టి సంపాదించిన ఆఫర్ ఉద్యోగంలో చేరే రోజున కూడా రద్దు కావచ్చు. కానీ నిజం చెప్పే పద్ధతి ఒకటి ఉంది. సీపీటీ ఇంటర్న్‌షిప్ కోసం కంపెనీ ప్రభుత్వానికి ఎలాంటి రుసుమూ కట్టనక్కరలేదు, ఎలాంటి పిటిషనూ వేయనక్కరలేదు. పట్టా తర్వాత ఓపీటీ పన్నెండు నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) డిగ్రీకి మరో ఇరవై నాలుగు నెలలు ఉంటుంది. ఆ పొడిగింపుకు కంపెనీ ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో నమోదై ఉండి, మీతో కలిసి ఐ-983 అనే శిక్షణ పత్రం నింపితే చాలు. చిన్న కంపెనీల రిక్రూటర్లలో చాలామందికి ఇది తెలియదు. స్పాన్సర్‌షిప్ అన్న మాట వినగానే న్యాయవాదుల ఖర్చు గుర్తొచ్చి వెనకడుగు వేస్తారు. ఈ వివరణను రెండు మూడు వాక్యాలలో, తడబాటు లేకుండా, బతిమాలుతున్నట్టు కాకుండా చెప్పడం కౌన్సిలర్‌తో కూర్చుని సాధన చేయండి. ఈ ఒక్క సాధన కోసమైనా అపాయింట్‌మెంట్ తీసుకోవచ్చు.

పరిచయాల విషయంలో మీతో కొంచెం విస్తారంగా మాట్లాడాలి. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన వ్యాసంలో, బోస్టన్ శివారులో కొత్తగా ఉద్యోగం మారినవారిని పరిశీలించారు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం తెలుసుకున్నవారిలో, ఆ పరిచయస్తుడిని తరచుగా కలిసేవారు 16.7 శాతమే, అప్పుడప్పుడు కలిసేవారు 55.6 శాతం, అరుదుగా కలిసేవారు 27.8 శాతం. కారణం సులభంగానే అర్థమవుతుంది. దగ్గరివారికి తెలిసినది మనకూ ఎలాగూ తెలిసే ఉంటుంది, కొత్త సమాచారం కొంచెం దూరపు మనిషి దగ్గరే ఉంటుంది. మన విద్యార్థుల వాట్సాప్ గ్రూపులను చూసిన ప్రతిసారీ నాకు ఈ పరిశోధనే గుర్తుకొస్తుంది. ఒకే ఫ్లాట్‌లో ఉండి, ఒకే కోర్సులు చదువుతూ, ఒకే లింకును అందరూ అందరికీ పంపుకుంటే, అందరూ ఒకే ఉద్యోగానికి పోటీపడతారు. ఆ స్నేహాలు బతకడానికి కావాలి, వాటిని వదులుకోమని అనడం లేదు. ఉద్యోగ సమాచారం కోసం మాత్రం ఆ వలయం దాటి బయటికి రావాలి.

దానికి విశ్వవిద్యాలయమే మార్గం ఏర్పాటు చేసింది. కెరీర్ సెంటర్‌లోనో పూర్వ విద్యార్థుల సంఘంలోనో, విద్యార్థులతో మాట్లాడటానికి తామే ముందుకొచ్చి పేరిచ్చినవారి జాబితా ఉంటుంది. లింక్డ్‌ఇన్‌లో మీ విశ్వవిద్యాలయం పేజీలోని పూర్వ విద్యార్థుల విభాగంలో కంపెనీ, నగరం, చదివిన విషయం వారీగా వెతకవచ్చు. పైన చెప్పిన ముప్పై కంపెనీలలో పనిచేస్తున్న మీ విభాగం వారిని వెతికి, వారానికి ఇద్దరు ముగ్గురికి నాలుగైదు వాక్యాల సందేశం పంపండి. మీరెవరో, వారి పనిలో మీకు ఏది ఆసక్తి కలిగించిందో చెప్పి, ఇరవై నిమిషాల సమయం అడగండి. ఉద్యోగం అడగకండి, రిఫరల్ (తమ కంపెనీలో మీ పేరు సిఫారసు చేయడం) కూడా అడగకండి. వారి బృందం ఇంటర్న్‌లను ఎలా ఎంపిక చేస్తుంది, వచ్చినవారిలో ఏ లోపం తరచుగా కనిపిస్తుంది, మీ స్థానంలో ఉంటే ఈ మూడు నెలలూ దేనిమీద పెడతారు అని అడగండి. జవాబులు శ్రద్ధగా విని, చెప్పినది చేసి, నెల తర్వాత చేశానని రాయండి. రిఫరల్ ఇవ్వాలనిపించేది ఆ రెండో ఉత్తరం చూసినప్పుడే. జవాబు రాని సందేశాలు చాలా ఉంటాయి, దానికి మనసు కష్టపెట్టుకోకండి.

రెజ్యూమె విషయంలో మీకు ఇచ్చిన సలహా సరైనదే, కారణం చెప్పకపోవడమే లోటు. ఫోటో, పుట్టినతేదీ, తండ్రి పేరు, వివాహ వివరాలు, చివర సంతకంతో కూడిన డిక్లరేషన్ పూర్తిగా తీసేయండి. 1964 నాటి పౌరహక్కుల చట్టం మొదలుకొని ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే చట్టాలు ఉన్నందున, అలాంటి వివరాలు తమ కంటపడకపోవడమే మంచిదని రిక్రూటర్లు అనుకుంటారు. ప్రతి వాక్యంలో మీరు ఏం చేశారో, దేనితో చేశారో, దాని వల్ల ఏం మారిందో ఉండాలి. ‘డేటాబేస్ మాడ్యూల్‌పై పనిచేశాను’ అంటే చదివేవారికి ఏమీ తెలియదు. ‘ఆర్డర్ల పట్టికకు ఇండెక్స్‌లు సవరించి, రోజువారీ నివేదిక తయారయ్యే సమయాన్ని నలభై సెకన్ల నుంచి ఆరు సెకన్లకు తగ్గించాను’ అంటే మీ పనితనం కనిపిస్తుంది.

దీనితోపాటు ఒక మాట గట్టిగా చెప్పాలి. లేని అనుభవాన్ని రెజ్యూమెలో చేర్చి ఉద్యోగం ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలు మీకు కూడా త్వరలోనే ఫోన్ చేస్తాయి. వాటి వైపు వెళ్ళకండి. చేయని ఉద్యోగాన్ని చేసినట్టు రాస్తే, నేపథ్య తనిఖీలో పట్టుబడి ఉద్యోగం పోవడం చిన్న నష్టం. ఆ అబద్ధం వీసా పత్రాల దాకా చేరితే భవిష్యత్తులో ప్రతి దరఖాస్తునూ వెంటాడుతుంది. రెండేళ్ళ నిజమైన చదువు, రెండు మంచి ప్రాజెక్టులు, ఒక ప్రొఫెసర్ దగ్గర చేసిన కొద్దిపాటి పరిశోధన ఉన్న రెజ్యూమెకు ఈ దేశంలో గౌరవం ఉంది. అది నెమ్మదిగా ఫలిస్తుంది, అంతే.

మాక్ ఇంటర్వ్యూను కూడా కెరీర్ సెంటర్‌లో ఉచితంగా పెట్టించుకోవచ్చు. మన విద్యార్థులు కోడింగ్ ప్రశ్నలకు బాగా సిద్ధమవుతారు. ‘మీ బృందంలో అభిప్రాయభేదం వచ్చినప్పుడు ఏం చేశారు’ అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతారు. పరిస్థితి, బాధ్యత, చేసిన పని, ఫలితం అనే వరుసలో చెప్పే స్టార్ పద్ధతిని వారు నేర్పుతారు. నేను గమనించిన ముఖ్యమైన లోపం మరొకటి. వినయం కొద్దీ మనం ప్రతిదీ ‘మేము చేశాము’ అంటాము. వినేవారికి అందులో మీ వాటా ఎంతో తెలియదు. బృందానికి రావలసిన ఘనత బృందానికి ఇస్తూనే, మీరు చేసిన భాగాన్ని ‘నేను’ అని చెప్పడం అలవాటు చేసుకోండి.

కెరీర్ ఫెయిర్‌కు వెళ్ళేటప్పుడు వచ్చిన కంపెనీలన్నిటి ముందూ వరుసలో నిలబడకండి. జాబితా ముందే వస్తుంది; అందులోంచి ఎనిమిది పదింటిని ఎంచుకుని, వాటిలో ఎవరు విదేశీ విద్యార్థులతో మాట్లాడతారో కెరీర్ సెంటర్‌లో ముందే కనుక్కోండి. కలిసినవారి పేరు, మాట్లాడిన విషయం అక్కడికక్కడే రాసుకుని, మరునాడు ఒక చిన్న మెయిల్ పంపండి.

ఆఫర్ వస్తే సంతకం చేసేముందు కౌన్సిలర్‌కు చూపించండి. నిర్ణయానికి కంపెనీలు కనీసం ఎంత గడువు ఇవ్వాలన్న నియమం కొన్ని విశ్వవిద్యాలయాలలో ఉంటుంది, గడువు పొడిగించమని అడిగే తీరు కూడా వారికి తెలుసు. ఒకసారి ఒప్పుకున్న తర్వాత వెనక్కి తగ్గకండి. దాని ఫలితం మీ తర్వాత వచ్చే విద్యార్థుల మీద కూడా పడుతుంది.

చివరి సెమిస్టరు మొదట్లోనే మళ్ళీ ఆ కార్యాలయానికి వెళ్ళండి. ఓపీటీ దరఖాస్తును కోర్సు ముగిసే తేదీకి తొంభై రోజుల ముందు నుంచి, ముగిసిన అరవై రోజుల లోపు వేయవచ్చు. ఓపీటీ మొదలైన తర్వాత ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం మీద తొంభై రోజులే. స్టెమ్ పొడిగింపు వస్తే దానికి మరో అరవై కలుస్తాయి. పట్టా పొందాక కూడా కొంతకాలం పాటు అపాయింట్‌మెంట్లు, హ్యాండ్‌షేక్ ఖాతా అందుబాటులో ఉంచే విశ్వవిద్యాలయాలు చాలా ఉన్నాయి. మీ దగ్గర ఆ గడువు ఎంతో క్యాంపస్ వదలకముందే కనుక్కోండి.